మన బాసలో ఒక్క మాట

కాగులో మరుగుతున్న దుప్పట్లను దేముడమ్మ కర్రతో అటూ ఇటూ తిప్పుతోంది. చాకలిసోడా ఆవిరి ముఖాన కొడుతుంటే కళ్లు మూసుకుంది. ఏ దుప్పటి పైకి తేలిందో, ఏది అడుగున పడిందో కర్రే ఆమెకు చెబుతుంది. ముప్పై ఏళ్ల పని అది. అరచేతులు నానిన అటుకుల్లా తెల్లబడిపోయాయి. గోళ్లు పలచబడి అంచులు విరిగాయి. పొట్టిమనిషి, నడుం కాస్త ముందుకు వంగింది. నీలంరంగు ఆయా చీర మోకాళ్ల దగ్గర ఎప్పుడూ తడిగానే ఉంటుంది.

మిషన్ ఆస్పత్రి హాజరుపట్టీలో ఆమె పేరు మార్తమ్మ. బాప్తిస్మంనాడు పాదిరిగారు పెట్టిన పేరు. కానీ గజపతినగరం చుట్టుపక్కల పల్లెల నుంచి ఏ రోగి వచ్చినా, మొహం పోల్చుకున్నవాళ్లు పాతపేరుతోనే పిలుస్తారు. ఆమె పలుకుతుంది.

నర్సు రూతమ్మ వరండాలోకి వచ్చింది. చేతిలో జ్వరం చూసే గాజుపుల్లల పళ్లెం.

"మార్తమ్మా, చివరిమంచం ముసలమ్మ ఇవాళ గడిచేట్టు లేదు. సాయంత్రం ప్రార్థన ఆమె పక్కనే చెయ్యి. నీ ప్రార్థన వింటే ఎవరికైనా ధైర్యం వస్తుంది."

"అలాగేనమ్మా" అంది దేముడమ్మ, కర్ర ఆపకుండా.

పదకొండు నెలలుగా ఆమె ప్రార్థన చెయ్యలేదు. నోరు మాత్రం చేస్తోంది. ముప్పై ఏళ్ల క్రితం మిషన్ దొరసాని నేర్పిన ప్రార్థన అది. దొరసానికి తెలుగు నేర్పినవాడు విజయనగరంలో ఒక పండితుడు. ఆయన తెలుగు దొరసాని నోట పడి, అక్కణ్ణించి దేముడమ్మ నోటికి దిగింది. దుప్పట్లు తిప్పినట్టే దాన్నీ కళ్లు మూసుకుని తిప్పెయ్యగలదు. వార్డులో అందరూ ఆమేన్ అంటారు. అంతకుమించి ఎవరికీ ఏమీ తెలియదు.

ఉతికిన గుడ్డలు తీగమీద ఆరేసి, వేణ్ణీళ్ల బొక్కెనతో వార్డులోకి వెళ్లింది. చివరిమంచంమీద గున్నమ్మ గోడకు ఆనుకుని ఉంది. గోగునార తీసీ తీసీ బిరుసెక్కిన చేతులు దుప్పటిమీద ఎండుకట్టెల్లా పడున్నాయి. జీవితమంతా అడ్డపొగ తాగిన మనిషి. చుట్ట నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని, వంగి నాట్లు వేస్తూ, వానలో కూడా ఆరకుండా కాల్చేది. ఇప్పుడు అంగిట్లో పుండు. మాట ముక్కులోంచి వస్తుంది. ఎప్పుడో సగం కాలి ఆరిన చుట్ట పెదాల మధ్య పెట్టుకుని ఉంది.

"ఒసే దేముడమ్మా, ఓ అగ్గిపుల్ల గియ్యవే."

"సిగ్గునేదేటప్పా? అదే గదా నీ నోరు తినేసింది."

"తినేసింది గదా. ఇంకేటి తింటాది?"

దేముడమ్మకు నవ్వొచ్చింది. ముసలామె చుట్ట తీసి పీలికలో చుట్టి దిండు కింద దాచుకుంది. దేముడమ్మ ఆమె వీపు తుడిచి, నడుముకింద పుండ్లకు పౌడరు అద్ది, పక్కగుడ్డ మార్చింది. ఆ ఒళ్లు ఖాళీ బుట్టంత తేలికగా ఉంది.

"కొడుకు రానేదా?"

"నిన్నొచ్చినాడు. వాన పడ్డాది, దుక్కి దున్నాలని ఎల్లిపోనాడు. నానే ఎల్లమన్నాను. నాను ఆగనేను గానీ, నేల పదును ఆగుతాదేటి?"

మధ్యాహ్నం వార్డు వెనక అరుగుమీద కూచుని దేముడమ్మ చోడిపిండి అంబలి తాగింది. ఎదురుగా కిటికీలోంచి మూడోమంచం కనిపిస్తుంది. అటు చూడకూడదనుకుంటుంది, రోజూ చూస్తుంది.

ఆమె కూతురు కరుణ ఆ మంచంమీదే పోయింది. పందొమ్మిదేళ్లు. ఆ ఏడే నర్సు ట్రైనింగుకు పిలుపు వచ్చింది. సన్నిపాత జ్వరం, ఇరవై రోజులు. ఇరవై ఒకటోనాడు ఆదివారం తెల్లారేసరికి ఒళ్లు చల్లబడింది. జ్వరం దిగిందనుకుంది తల్లి. పరుగున ప్రార్థనగుడికి వెళ్లి, అందరిముందు నిలబడి, నా బిడ్డను దేవుడు బతికించాడని సాక్ష్యం చెప్పింది. గుడంతా స్తోత్రం అంది. ఆ స్తోత్రం చెవుల్లో ఉండగానే తిరిగివచ్చింది. మంచంమీద మొహం కనపడకుండా దుప్పటి కప్పి ఉంది. పేగు చిల్లుపడిందట. అమ్మ ఏదని రెండుసార్లు అడిగిందట.

దేవుడు ఎక్కువ ప్రేమించినవాళ్లను ముందే పిలుచుకుంటాడని ఒకరన్నారు. ఎందుకని అడగకూడదు, అది అవిశ్వాసం అని ఇంకొకరన్నారు. రెండు నెలలయ్యాక స్త్రీల కూటంలో మళ్లీ సాక్ష్యం చెప్పమన్నారు. చెప్పింది. దేవుడు చేసిందంతా మేలేనంది. విన్నవాళ్లందరూ ఏడ్చారు. ఆమెకు మాత్రం కన్నీళ్లు రాలేదు. ఆ రోజునుంచి లోపల ఏదో ఆరిపోయింది. అంబలి గిన్నె కడిగి బోర్లించింది.

నాలుగింటికి గంట కొట్టారు. దేముడమ్మ చేతులు తుడుచుకుని, చెంగు తలమీదికి లాక్కుని, చివరిమంచం పక్కన నిలబడి కళ్లు మూసుకుంది.

"కృపాసంపూర్ణుడవగు మా తండ్రీ, నీ పాదసన్నిధిని సమీపించుటకు మాకు దయచేసిన యీ సాయంకాలము నిమిత్తము వందనములు అర్పించుచున్నాము. బలహీనురాలగు యీ సహోదరిని..."

"ఆపవే."

కళ్లు తెరిచింది. గున్నమ్మ చెయ్యి ఎత్తి ఉంది.

"ఎవులితో మాటాడతన్నావు?"

"దేముడితోనప్పా."

"కాదు. గోడతో మాటాడతన్నావు. నెల్లాళ్లనించి ఇంటన్నాను. రోజూ అదే. మా ఊరి కరణం దస్తావేజు సదివినట్టున్నాది."

నాలుగోమంచంమీద ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

"మన బాసలో ఒక్క మాట సెప్పు. నాకు బయంగా ఉన్నాదని సెప్పు. సాలు."

"నాకు రాదప్పా."

"బాస రాదేటి?"

"మాట రాదు."

గున్నమ్మ ఆమెకేసి చూసింది. డ్యూటీలో ఆయాలు కూచోకూడదు. అయినా దేముడమ్మ నేలమీద కూలబడి, గరుకుగా ఉన్న ఆ చేతిని పట్టుకుంది. చివరికి నోరు పెగిలింది.

"ఓ దేముడా... గున్నమ్మప్పకి బయంగా ఉన్నాదంట. నాకూ బయంగానే ఉన్నాది. అలిసిపోనాను. నా గుంట కరుణ అమ్మ ఏదని అడుగుతుంటే, నాను గుడిలో నిన్ను పొగుడుతున్నాను. ఆ ఒక్క గంటా ఆగనేపోనావా? ఎందుకని అడిగితే తప్పన్నారు. అడగనేదు. ఇప్పుడు అడుగుతున్నాను. పదకొండు నెల్లు నీకు అబద్దం సెప్పినాను. అందరూ స్తోత్రం అన్నారు, నువ్వేటీ అన్నేదు. ఇంటన్నావో నేదో నాకు తెల్దు. ఉంటే, ఈవిడకాడికి రా. నాకాడికి రాకపోనా సరే..."

అక్కడితో మాట తెగిపోయింది. ఎవరూ ఆమేన్ అనలేదు. ద్వారం దగ్గర రూతమ్మ జ్వరంపుల్లల పళ్లెం పట్టుకుని నిలబడిపోయింది. తల దించుకుంది.

"అదీ," అంది గున్నమ్మ. "ఇప్పుడు మడిసి మాటాడినట్టున్నాది. ఇంటాడంటావా?"

"తెల్దప్పా."

"పోన్లే. కూకున్నావా?"

"కూకున్నాను."

రాయగడ పాసింజరు ఊరి అవతలనుంచి వచ్చింది. రోజూలాగే కిటికీ అద్దాలు గడగడలాడాయి, మంచం కోళ్లు సన్నగా అదిరాయి. రైలు చప్పుడు పోయాక కూడా దేముడమ్మ చేతిలోని చెయ్యి అలాగే ఉంది. కాసేపటికి తెలిసింది, తనొక్కతే పట్టుకుని ఉందని.

ఆమె ఎదురుచూసింది. ఏ మాటా వినపడలేదు, లోపల ఏ దీపమూ వెలగలేదు. గోడ గోడలాగే ఉంది. కానీ మొహం తడిసింది. చెంగుతో తుడుచుకుంటే మళ్లీ తడిసింది.

ముసలామెకు ఒళ్లు కడిగి, జుట్టు ముడివేసి, కొడుకుకు కబురు పంపించారు. శవాన్ని వరండాలోకి మార్చాక రూతమ్మ దగ్గరికి వచ్చింది.

"మార్తమ్మా" అంది. "ఆమేన్ అనలేదేం?"

"ఇంకా అవ్వనేదమ్మా."

రూతమ్మ ఆమె భుజంమీద చెయ్యివేసి వెళ్లిపోయింది. దేముడమ్మ పరుపు చుట్టింది, దుప్పటి లాగింది, దిండు ఎత్తింది. రేపు పొద్దున్న ఇవీ కాగులోకి వెళ్లాలి.

దిండు కింద, పొద్దున గున్నమ్మ చుట్టి దాచిన పీలిక మళ్లీ విప్పి ఉంది. అందులో సగం కాలి ఆగిన చుట్ట, నల్లటి కొస దగ్గర ఇంకా తడి ఆరని రెండు పళ్ల గాట్లు.