గాలాడని రీలు

మామయ్య ఏదో దాస్తున్నాడని నాకు అనుమానం వచ్చింది మైనం దగ్గర. డెబ్బై దాటిన మనిషి, సినిమాహాల్లో ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. పనిగట్టుకుని మా ఆఫీసుకి వచ్చి, "గాలి చొరబడకుండా డబ్బాకి పూయాలంటే ఏ మైనం మంచిదే?" అని అడిగాడు.

"ఏం డబ్బా?"

"బిస్కెట్ల డబ్బా."

బిస్కెట్లకి మైనం పూసేవాళ్లని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

నా ఉద్యోగం పాత ఫిల్ములు పరీక్షించి భద్రపరచడం. మాటల్లేని కాలం నాటి సినిమాల్లో చాలావాటికి పేర్లు తప్ప ఏమీ మిగల్లేదు. కొన్ని తగలబడ్డాయి, కొన్నిటిని వాటిలోని వెండి కోసం కరిగించారు, కొన్నిటిని చోటు చాలక చెత్తలో పారేశారు మహానుభావులు. ఎవరైనా రీలు తెస్తే, ఎక్కడిది, ఎలా వచ్చింది, నిజంగా అదేనా అని పదిసార్లు అడగందే నేను సంతకం పెట్టను. ఇంట్లోనూ అదే జబ్బు. మా ఆయన తలనొప్పి అన్నా ఏ వైపు అని ఆరా తీస్తాను.

మా అమ్మమ్మ అలాంటి ఒక సినిమాలో వేసింది. మామయ్యకి రెండేళ్లప్పుడే పోయింది. ఇంట్లోకి వరద నీళ్లొచ్చి ఫొటోలన్నీ కొట్టుకుపోయాయట, ఆ వరద మీద కూడా నాకు అనుమానమే. మా అమ్మకి ఆమె మొహం గుర్తుండేదేమో గానీ, నేను అడిగేలోగా అమ్మా పోయింది. కన్నతల్లి ఎలా ఉంటుందో మామయ్యకి తెలియదు. ఆ సినిమా ఎక్కడా దొరకలేదని మా రికార్డుల్లో నా చేత్తో నేనే రాశాను.

ఆదివారం పొద్దున్నే మామయ్య ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే అత్తయ్య నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది.

"మంచం కింద ఏదో పెట్టుకున్నారే. చీపురు కూడా అటు పోనివ్వరు. నువ్వే అడుగు, నేనడిగితే ఇంతెత్తున లేస్తారు."

పాత రీలే అయ్యుంటుంది. అమ్మేస్తున్నాడా? కరిగించేవాళ్లకి ఇస్తున్నాడా? నా ఒళ్లు మండిపోయింది. మామయ్య "ఏయ్, ఏయ్" అంటుండగానే నేల మీద బోర్లా పడుకుని లాగేశాను. చుట్టూ మైనం పూసిన రేకు డబ్బా. మూత మీద అమ్మమ్మ వేసిన సినిమా పేరు.

"ఎక్కడిదిది?"

"హాలు మూసేసినప్పుడు అటక మీద దొరికింది. ఒక్క రీలే. పదిహేనేళ్లయింది."

"పదిహేనేళ్లా! నేను ఆ ఉద్యోగంలోనే ఉన్నాను కదా మామయ్యా! నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వేమంటావో నాకు తెలీదా? ఎవరిది కొట్టుకొచ్చావంటావు. నిజంగా అదేనా అంటావు. పట్టుకెళ్లి తాళం వేసుకుంటావు. నీకు రీలు కావాలి. నాకు మా అమ్మ కావాలి."

"ఒక్కసారైనా చూశావా?" అన్నాను.

"మిషనుకెక్కిస్తే అంటుకుంటుందేమోనని భయం. ఈ రకం ఫిల్ము మండటం నా కళ్లతో చూశాను. అందుకే గాలి తగలకుండా పెట్టాను. ఏడాదికోసారి కొత్త మైనం పూస్తున్నాను, పాతది పగులుతోందనే మొన్న నిన్నడిగాను," అన్నాడు, మెచ్చుకుంటాననుకున్నాడు పాపం.

ఈ రకం ఫిల్ము తనలోంచి ఒక ఆమ్లపు ఆవిరి వదులుతుంది. అది బయటికి పోతే ఫిల్ము బతుకుతుంది. మూసిపెడితే తన ఆవిరే తనని తినేస్తుంది. మాలో కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజు చెప్పే ముక్క అది. మామయ్యకి ఎవరు చెబుతారు? చెప్పాల్సిన దాన్ని నేను. నాకు భయపడే ఆయన రీలు సంగతి అడగలేదు.

ఆ పూటే ఇద్దరం డబ్బాతో ఆఫీసుకి వెళ్లాం. గాలి లాగే ఫ్యాను కింద పెట్టి మూత తీశాను. పైచుట్లు గోధుమరంగు పొడి. దాని కింద జిగురు. మామయ్య నా చేతుల వంక చూస్తూ నిలబడ్డాడు. గంటన్నర పట్టింది. అన్నిటికన్నా లోపలి చుట్టులో మూరెడు ఫిల్ము బాగుంది. ఇరవై నాలుగు బొమ్మలు.

లైటు బల్ల మీద పరిచి భూతద్దం పెట్టాను. ఒకావిడ తలుపు తీసి ఇటు చూస్తోంది. మొహం స్పష్టంగా ఉంది.

మామయ్య వంగి చాలాసేపు చూశాడు. "అమ్మేనా?" అన్నాడు. "ఎవర్ని అడగను? ఇది నీ పనే కదా, నువ్వు చెప్పు."

ఆ సినిమాలో వేసినవాళ్లు ముగ్గురు ఆడవాళ్లు. ఈమె ఆ ముగ్గురిలో ఎవరైనా కావచ్చు. ఇంకెవరైనా తెచ్చి ఉంటే, గుర్తు తెలియని స్త్రీ అని రాసేసి లేచేదాన్ని.

"అమ్మమ్మే," అన్నాను.

మామయ్య తలెత్తి నా మొహంలోకి చూశాడు.

"నువ్వు దేన్నీ ఇంత తొందరగా ఒప్పుకోవు కదే," అన్నాడు. "నిజం చెప్పు."