కానుపుకో పన్ను

తెల్లారితే సత్తియ్య ఇంట్లో మగాళ్లంతా నోట్లో వేపపుల్లలు పెట్టుకుని పెరటి నిండా తిరుగుతారు. ఆరో నెల కడుపుతో ఉన్న కోడలు నూకరత్నాన్ని మాత్రం పుల్ల ముట్టుకోనివ్వరు. చిగుళ్లు ఉబ్బి, ఉమ్మితే నెత్తురు పడుతున్నా, ఉత్త నీళ్లు పుక్కిలించి ఊరుకోవాలి. ఎందుకంటే ఆ ఇంటి కోడళ్లు కానుపుకో పన్ను చేనుకివ్వాలి. ఊడిన పన్నును మొదటి ముచ్చెతో, అంటే విత్తనంగా నాటే చెరుకు ముక్కతో, కలిపి పాతితే ఆ ఏడు చేనంతా తీపి ఊరుతుంది. అనకాపల్లిలో వాళ్ల బెల్లం దిమ్మల కోసం షావుకార్లు ఎగబడేది అందుకే. అది ఊరందరికీ తెలిసిన వ్యవసాయం.

అత్త కాసులమ్మ ఏడుగురిని కంది. పురిట్లోనే పోయిన ఇద్దరికి కూడా చేను పన్ను తీసుకుంది. తోమక రాలిన మిగతావీ అక్కడికే పోయాయి. ఇప్పుడావిడ అంబలి తప్ప మరోటి తినలేదు. పాపం అన్నవాడు లేడు.

కుడివైపు దవడపన్ను కదలడం మొదలయ్యేసరికి నూకరత్నానికి ఒళ్లు మండింది. గాజులమ్మే మదీనాబీని వెంటబెట్టుకుని పట్నంలో పళ్ల డాక్టరు దగ్గరికి పోయింది.

"కడుపులో బిడ్డ పన్ను తినేత్తాదంటన్నారు, నిజవేనా బాబూ?"

"బిడ్డేం తినదమ్మా. కడుపుతో ఉన్నప్పుడు చిగుళ్లు ఊరికే ఉబ్బుతాయి. అప్పుడు తోమడం మానేస్తే పాచి పేరుకుని పళ్లు కదులుతాయి."

ఆయన గార గీకేసి, మెత్తటి బ్రష్షు ఇచ్చాడు. రెండు పూటలా తోముకోమన్నాడు. వాంతి అయితే నోరు పుక్కిలించమన్నాడు. అస్తమానం బెల్లం ముక్క బుగ్గన పెట్టుకోవద్దన్నాడు.

మర్నాడు నూకరత్నం నూతి దగ్గర అందరూ చూస్తుండగా నురగలు వచ్చేలా తోముకుంది. సత్తియ్య కస్సుమన్నాడు.

"మరి సేనుకేటి పెడతావే?"

"పెంట ఎయ్యి మావా. పళ్లు నావి."

నాటే రోజుకి ఆమెకు నెలలు నిండాయి. చిగుళ్లు గట్టిపడ్డాయి, కదిలిన పన్ను కుదురుకుంది. మొగుడు త్రినాధరావు గట్టు మీద అరచెయ్యి చాపుకుని నిలబడ్డాడు. నూకరత్నం అతని ముందుకొచ్చి ముప్పై రెండూ కనపడేలా నవ్వింది. ముచ్చె ఒంటరిగా మట్టిలోకి పోయింది.

ఆడపిల్ల పుట్టింది. చెరుకు ఏపుగానే ఎదిగింది. కోతలు మొదలైన వారానికి కాసులమ్మ చిగుళ్లు దురద పెట్టాయి. పదిరోజుల్లో నోటినిండా తెల్లటి పళ్లు మొలిచాయి. కొత్త పన్ను పడకపోతే నేల పాతవి ఉంచుకోదు మరి, అనుకున్నారు జనం. ఇన్నేళ్లూ ఎవరూ పన్ను పెట్టకుండా నాటి చూడలేదు, అంతే.

గానుగ దగ్గర సత్తియ్య రసం నోట్లో పోసుకుని తుపుక్కున ఉమ్మేశాడు.

"సప్పిడి నీళ్లు! నీ వచ్చే కానుపుకి నేనే దగ్గరుండి..." అంటూ కోడలి మీదికి వేలెత్తాడు.

నూకరత్నం నోరు తెరిచేలోపే కాసులమ్మ ఇద్దరి మధ్యకీ వచ్చింది. చేతిలోని గడను కణుపు కాడ విరిచి, పంటితో చీల్చి, రసం గడ్డం మీదుగా కారుతుంటే తీరిగ్గా నమిలింది. పెళ్లయి ఈ ఇంటికొచ్చాక ఆవిడ చెరుకు రుచి చూడ్డం అదే మొదలు.

"సప్పగానే ఉంది. బాగుంది," అంది మొగుడితో. "తీపి కావాలంటే నీ పన్ను పాతుకో."