వీపు మీద జేబు

బస్సు డ్రైవరుగా పనిచేసే ఆయన నెలల వయసున్న మనవరాలిని చూడటానికి కూతురి అత్తవారింటికి వెళ్లాడు. మధ్యాహ్నం భోంచేసి హాల్లో వెల్లకిలా పడుకున్నాడు. పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే మెలకువ వచ్చింది. పక్కగదిలో అల్లుడి నవ్వు వినిపించింది.

"మీ నాన్నగారు బస్సు ఇంట్లోకే తోలుకొచ్చేశారు!"

"అబ్బా, మెల్లగా! వింటారు," అంది కూతురు.

తన గురకకే పిల్ల లేచిందని తెలిసి ఆయనకు తల కొట్టేసినట్టయింది. చప్పుడు చేయకుండా సంచి సర్దుకుని చెప్పులు వేసుకుంటుంటే, బట్టలు కుట్టే వియ్యపురాలు చూసింది.

"ఎక్కడికన్నయ్యగారూ? రెండ్రోజులుంటానన్నారుగా?"

"డ్యూటీ పడిందమ్మా," అన్నాడు తల ఎత్తకుండా.

ఆమె నమ్మలేదు. ఆయన్ని కూర్చోబెట్టి, కొడుకు పాత చొక్కాకి వీపు మీద జేబు కుట్టి, అందులో రబ్బరు బంతి పెట్టి తెచ్చింది.

"వెల్లకిలా పడుకుంటేనే గురక ఎక్కువొస్తుంది. ఇది తొడుక్కుంటే పక్కకి తిరక్క తప్పదు. మావారికీ ఇదే వైద్యం."

అంటే ఇల్లంతా విన్నదన్నమాట. ఆయన చెవులు వేడెక్కాయి. అయినా చెప్పులు విప్పాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆ చొక్కాతోనే పడుకుని లేచాక కూతుర్ని గొంతు తగ్గించి అడిగాడు.

"వచ్చిందా?"

"కొంచెం వచ్చింది నాన్నా. పిల్ల మాత్రం లేవలేదు."

అల్లుడి ముఖంలోకి చూడటానికి ఆయనకు మరో పూట పట్టింది.