వెంకట్రాజు గారి ముక్కు

ఆ రోజు పొద్దున్నించీ ఆ ఇంట్లో పోపు వేయలేదు. వేయకూడదు. ఏటా చలికాలంలో ఒక సాయంత్రం వెంకట్రాజు గారు స్నేహితుల్ని పిలిచి, తాను దాచుకున్న వైన్లు రుచి చూపిస్తారు. ఆ రోజు ఇంగువ, సాంబ్రాణి, మల్లెపూలు ఏవీ ఇంట్లో కనబడకూడదు. వైన్ వాసనకి అడ్డొస్తాయట. ఆయన భార్య పద్మప్రియ పొద్దున ఇంత పెరుగన్నం తిని ఊరుకుంది. ఇంటి ఇల్లాలికి తన వంటింట్లో నాలుగు ఆవాలు వేయించుకునే హక్కు లేదు, చూడండి ఎంత చోద్యమో!

వాళ్ళ ఊరు కలిదిండిలో నేల తవ్వితే మోకాల్లోతులోనే నీళ్ళు పడతాయి. ఇక భూమిలో సెల్లార్ ఎక్కడ కడతారు? అందుకని పాతకాలం గాదె గదికి ఏసీ పెట్టించి, చెక్క అరలు కొట్టించి, సీసాల్ని వరసగా పడుకోబెట్టారు. అందులో ఉండే ఆవకాయ జాడీలు వసారాలోకి వచ్చేశాయి. మూత తీయకుండానే ఏ జాడీ బూజు పట్టిందో మా కోడలు చెప్పేస్తుందని అత్తగారు సుబ్బాయమ్మ గారు బతికున్నన్నాళ్ళూ ఊరంతా చెప్పుకునేవారు. ఆ ముక్కే ఇప్పుడు పద్మప్రియ ప్రాణం మీదికొచ్చింది.

నాలుగేళ్ళ క్రితం వెంకట్రాజు గారికి కరోనా వచ్చి తగ్గింది గానీ, పోయిన వాసన తిరిగి రాలేదు. వైన్ గురించి ఆయనే చెప్పాలని ఏలూరు నుంచి పెద్దవాళ్ళు పనిగట్టుకుని వచ్చే ఇల్లాయె. ఈ సంగతి బయటపడితే పరువేం కాను? అందుకని సీసాలు ముందుగా వంటింట్లోనే తెరుస్తారు. జన్మలో చుక్క తాగని పద్మప్రియ ఒక్కో గ్లాసూ వాసన చూసి, తనకి తెలిసిన మాటల్లో చెబుతుంది. "ఇది మాగిన జామకాయండీ." "ఇది కొత్త తోలుచెప్పులా ఉందండీ." ఆయన హాల్లోకెళ్ళి అవే మాటలు సొగసుగా అప్పజెబుతారు. వచ్చినవాళ్ళు ఆహా అంటారు.

ఒక్క వైనేనా? పాలు విరిగాయా, చొక్కా చెమట కొడుతోందా, రొయ్యల చెరువులో అడుగు మట్టి చెడిందా, అన్నిటికీ ఆమె ముక్కే. గట్టు మీద ఎండలో నిలబెట్టి, దోసెడు మట్టి తీయించి ఆమెకి వాసన చూపిస్తారు. విసుగొస్తోందని ఆమె ఏనాడూ అనలేదు. అనకుండా అనకుండానే అలిసిపోయింది.

ఈసారి ఆరు సీసాలు. ఐదింటికి వాసన చెప్పేసరికి ఆమెకి తల దిమ్మెక్కింది. ఆరోదానికి చెయ్యి చాపబోతే ఆయన అడ్డొచ్చారు.

"దీన్ని నువ్వు చూడకు పద్మా. దీని వాసన నాకు తెలుసు."

ఇరవై ఏళ్ళ క్రితం, రొయ్యలు కొనే కంపెనీవాళ్ళు ఫ్రాన్స్ తీసుకెళ్ళినప్పుడు ఆయన మొదటిసారి తాగిన వైన్ అది. మేత వాసన, బురద వాసన తప్ప ఎరగని ముక్కుకి ఆ రోజు నేరేడుపళ్ళు తగిలాయట. దాని జోడు సీసాని ఒళ్ళో పెట్టుకుని విమానంలో తెచ్చుకున్నారు.

"బాగా గుర్తున్న వాసనైతే ఒక్కోసారి తిరిగొస్తుందని డాక్టరు గారన్నారు కదా. చూద్దాం" అన్నారు చిన్నపిల్లాడిలా.

పద్మప్రియకి గుండె కలుక్కుమంది. దేవుడా, వచ్చేట్టు చూడు, నాకూ విడుదల దొరుకుతుంది అనుకుంది. అనుకుంటే తప్పేముంది చెప్పండి!

సాయంత్రం ఐదుగురొచ్చారు. వాళ్ళలో ఏలూరు కాలేజీలో రిటైరైన దేవదానం మాస్టారు ఏటా వచ్చే మనిషి. విశాఖలో పెద్ద హోటల్లో వైన్ల వ్యవహారం చూసే పృథ్వీ మాత్రం కొత్త. ఐదు సీసాలూ సాఫీగా గడిచాయి. జామకాయ దగ్గర దేవదానం మాస్టారు "ఎంత బాగా పట్టారండీ!" అని మెచ్చుకున్నారు. పద్మప్రియ గ్లాసులు అందిస్తూ, ఖాళీవి తీస్తూ తిరుగుతూనే ఉంది. పొద్దున్నించీ కూర్చున్నది లేదు.

ఆరో సీసా వెంకట్రాజు గారు స్వయంగా తెరిచి గ్లాసుల్లో పోశారు. పళ్ళెం ఎత్తగానే పద్మప్రియ ముక్కుపుటాలు అదిరాయి. తడిసిన గోనెసంచి. వానకి తడిసి, మూల పడేసి మర్చిపోయిన గోనెసంచి వాసన. అయ్యో, వైన్ పాడైపోయింది!

ఆయన మాత్రం గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి కళ్ళనిండా నీళ్ళు.

"నేరేడు! పద్మా, వచ్చిందే! వచ్చేసింది!"

పృథ్వీ గ్లాసు వాసన చూసి, మొహం అదోలా పెట్టి, కింద పెట్టేశాడు. "సార్, ఏమనుకోకండి, ఇది..." అని మొదలుపెట్టాడు.

అప్పుడు పద్మప్రియ ఎవరూ ఊహించని పని చేసింది. పళ్ళెంలో గ్లాసు తీసుకుని గటగటా తాగేసింది. గొంతు మండింది.

"అవునండీ, నేరేడే. అచ్చం నేరేడుపండే" అంది, పృథ్వీ వైపు సూటిగా చూస్తూ. అతను నోరు మూసుకున్నాడు.

"అవునవును, నేరేడే" అన్నారు దేవదానం మాస్టారు కూడా.

వెంకట్రాజు గారి మొహంలో నవ్వు మెల్లగా పోయింది. పెళ్ళై ఇరవై ఎనిమిదేళ్ళు. దగ్గు మందు తాగాలన్నా, అందులో ఆల్కహాలేమీ లేదు కదండీ అని అడిగే మనిషి. అలాంటిది గ్లాసుడు తాగేసింది.

"పద్మా, ఇది పాడైపోయిందా?"

ఆమె తల దించుకుంది.

"చెప్పు. ఏం వాసనొస్తోంది?"

"తడిసిన గోనెసంచండీ."

ఆయన మళ్ళీ గ్లాసు వాసన చూశారు. "నాకింకా నేరేడే వస్తోంది" అన్నారు నీరసంగా. "మరి నువ్వెందుకు తాగావు?" అని అడిగారు.

"మీకు వాసనొచ్చిందని మీరు నమ్మితే, ఈ ఒక్క పూటకైనా నాకు సెలవు దొరుకుతుందనుకున్నానండీ. నేను అలిసిపోయాను."

వెంకట్రాజు గారు వచ్చినవాళ్ళ వైపు తిరిగారు.

"నాకు నాలుగేళ్ళుగా వాసన తెలీదండీ. మీరు మెచ్చుకున్న జామకాయలూ తోలుచెప్పులూ అన్నీ ఈవిడవే."

అని, తన కుర్చీ ఖాళీ చేసి భార్య వైపు జరిపారు. "కూర్చో" అన్నారు. ఆమె కూర్చుంది. అప్పుడు గానీ కాళ్ళు ఎంత పీకుతున్నాయో ఆమెకి తెలియలేదు. ఆయన వంటమనిషికి వినబడేట్టు గట్టిగా కేకేశారు.

"హన్నమ్మా! పప్పుకి పోపు వెయ్యి. అమ్మగారు పొద్దున ఇంత పెరుగన్నం తప్ప ఏం తినలేదు."

"ఇప్పుడాండీ? చుట్టాలున్నారు కదండీ!"

"ఇప్పుడే."

ఆవాలు చిటపటలాడాయి. ఇంగువ ఘాటు హాలంతా కమ్ముకుంది. ఇక ఆ సాయంత్రం ఏ వైనూ ఎవరికీ తెలిసేది లేదు. పద్మప్రియ అలవాటుగా తలెత్తింది.

"ఎండుమిరపకాయలు మాడుతున్నాయండీ" అంటూ లేవబోయింది.

ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేశారు.

"మాడనీ. నువ్వు కూర్చో."