చలికాలం చూడని పూలు

లండన్ నుంచి వచ్చి మా ఊళ్లో పాత పాదిరి బంగళా కొన్న మిసెస్ పెల్హామ్, గోడ వెంబడి పూలమడికి రంగులు ఎంచడానికి హాలు కిటికీ తెర అంచు కత్తిరించి, అక్కడ తోటపని చేసే నా దగ్గరికి తెచ్చింది. ఏప్రిల్‌లో పూచే ప్రతి పువ్వూ ఆ గుడ్డముక్కకు సరిపోవాలట. అప్పటికి జూన్. వచ్చే ఏప్రిల్‌లో పూయాలంటే వాల్‌ఫ్లవర్ విత్తనాలు ఇప్పుడే చల్లాలన్నాను. వసంతం దాటిపోయాక తొందరేమిటంది.

అయినా చల్లాను. అక్టోబరులో నారు తీసి మడి పడమటి చివర నాటాను. నవంబరులో మూడొందల ట్యులిప్ దుంపలు జానెడు లోతున పాతాను. తెర రంగువే.

జనవరిలో ఆవిడకు అనుమానం పట్టుకుంది. మట్టి తప్ప ఏమీ కనబడటం లేదు, చచ్చిపోయాయేమోనని. నేను రాని ఆదివారాల్లో తోలు చేతితొడుగులు వేసుకుని ఒక్కో దుంపనూ తవ్వి చూసి, పైపైన మట్టి కప్పేది. కొన్నిటిని తలకిందులుగా పెట్టేది. ఉడతలు కూడా ఇంత శ్రద్ధగా పాడుచేయవు. ఏప్రిల్ వచ్చేసరికి మడిలో నావి ముప్పై వాల్‌ఫ్లవర్లు, మిగతాదంతా బోసి నేల.

ఈలోగా జిల్లా వసంత తోటల పోటీకి పేరిచ్చేసింది. దానికి ఒకటే నియమం. మడిలోని ప్రతి మొక్కా చలికాలమంతా అక్కడే గడిపి ఉండాలి, గడిపిందని తోటమాలి సంతకం చేయాలి.

పోటీకి ముందురోజు పొద్దున్నే పట్నం నుంచి మొక్కల అంగడి వ్యాను వచ్చింది. తొంభై కుండీలు, గాజింట్లో వేడికి పూసిన మొక్కలు. కుండీలతో సహా పాతమంది. గోతులు తవ్వడం నా పని కాబట్టి తవ్వాను. ఆ తర్వాత కాగితం నా ముందు పెట్టింది.

"సంతకమే కదా హెట్టీ. పూలు వెళ్లి చెబుతాయా ఏంటి?"

"అవి చెప్పవు మేడమ్."

చేయకపోతే సోమవారం నుంచి రానక్కర్లేదంది. చుట్టూ ఆరు మైళ్లలో తోటపని ఇచ్చే ఇల్లు మరొకటి లేదని మా ఇద్దరికీ తెలుసు. కాగితం తీసుకుని, పడమటి చివర ముప్పై మొక్కలు నేను పెంచినవి, మిగతావి నిన్నటిదాకా ఇక్కడ లేవు అని రాసి, దానికింద సంతకం పెట్టి ఇచ్చాను.

ఆవిడ దాన్ని చింపలేదు. మర్నాడు న్యాయనిర్ణేతగా వచ్చిన మేజర్ థ్రోప్ చేతికి తనే ఇచ్చి, పల్లెటూరి పిల్ల, కాస్త అసూయ అని నవ్వుతూ చెప్పింది. ఆయన చదివాడు. మడి వైపు చూశాడు. ఒకచోట నల్లటి కుండీ అంచు పైకి తేలి ఉంది. బూటు కొసతో దానిమీదికి మట్టి నెట్టి, ఎంత చక్కని రంగుల పొందిక అన్నాడు. ఆవిడ టీ, కేకూ తెప్పించింది. రెండో బహుమతి వచ్చింది.

సోమవారం నా పారా, కత్తెరా తెచ్చుకోవడానికి వెళ్లాను. మిసెస్ పెల్హామ్ మడి దగ్గర నిలబడి ఉంది. అప్పటికే సగం పూలు మెడలు వాల్చాయి.

"వీటికి నీళ్లు ఎన్నాళ్లకోసారి పొయ్యాలి?"

"చలికాలమంతా ఇక్కడే ఉన్నాయన్నారు కదా మేడమ్," అన్నాను. "అన్నాళ్లూ మీరెలా పోశారో అలాగే పొయ్యండి."