తుడవని తప్పు

నేను ఒక డస్టర్‌ని. విరిగిన బెంచీ నుంచి కోసిన వేపచెక్క ముక్క, దాని కింద మేకులు కొట్టి బిగించిన పాత కంబళి, ఇంతే నా ఒళ్ళు. మార్కాపురంలో ఒక హైస్కూలు అటెండరు నన్ను తయారుచేసి ఏడో తరగతి గదిలో బల్ల మీద పెట్టి వెళ్ళాడు. పలకలు తయారయ్యే ఊరు. నల్లరాతి మీద రాయడం, తుడవడం ఇక్కడి పిల్లలకు నడక కంటే ముందు వస్తుంది. మంచి చోటే దొరికిందనుకున్నాను.

నన్ను మొదట చేతపట్టింది రంగనాయకులు మాస్టారు. ఆయనది వేగమైన చెయ్యి. ప్రశ్న అడిగిన ఊపిరిలోనే జవాబు కోసం వేలు చూపేవారు. వచ్చిన జవాబును బోర్డు మీద రాసేవారు. ఒప్పయితే అది నిలిచేది. తప్పయితే, చెప్పిన పిల్ల కూర్చునేలోపే నేను దాని మీదుగా వెళ్ళిపోయేదాన్ని. ఆయన చెడ్డవారు కాదు. తప్పును చూస్తే ఆయనకు ఒక భయం, ఇంట్లో తేలు కనపడినప్పుడు కలిగేలాంటిది. ముందు దాన్ని వదిలించుకోవాలి, ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత చూసుకోవచ్చు. ఆ తర్వాత అనేది ఆ గదిలోకి ఎప్పుడూ రాలేదు. పిల్లలు మాత్రం ఒక విద్య బాగా నేర్చారు. జవాబు సగం చెప్పి, మాస్టారి కనుబొమ్మలు చూసి, మిగతా సగం మార్చేవాళ్ళు. మనుషులు దీన్ని చురుకుదనం అంటారు.

ఆ చురుకుదనం అబ్బని పిల్ల ఖాసింబీ. వాళ్ళ నాన్న పలకల ఫ్యాక్టరీలో రాయి కోస్తాడు. జూన్‌లో ఒకసారి ఆమె లేచి, వానపాముకు రెండువైపులా తల ఉంటుందని చెప్పింది. గది గదంతా నవ్వింది, నేను బోర్డు మీదికి వెళ్ళాను, అంతటితో సరి. ఆ రోజు నుంచి ఏది అడిగినా ఆమె జవాబు ఒక్కటే: "తెలీదు సార్." ఆ మాటలో ఆమె తలుపు వేసుకుని కూర్చున్నట్టు ఉండేది. తెలియదన్నవాళ్ళను చూసి ఎవరూ నవ్వరు కదా.

జూలై ఆఖరున మాస్టారు రిటైరయ్యారు. ఆయన చోటికి సువార్త టీచర్ వచ్చారు. రావడంతోనే నా ఉద్యోగానికి గండి కొట్టారు. బోర్డు కుడివైపు మూల ఒక పెద్ద గడి గీసి, తప్పు జవాబులన్నీ అందులో ఉంటాయని చెప్పారు. గడిలో ఉన్నదాన్ని ఎవరూ తుడవకూడదు. అది తప్పని అనకూడదు కూడా. చెప్పినవాళ్ళు ఏం చూసి అలా చెప్పి ఉంటారో మిగతావాళ్ళు ఆలోచించాలి. అది తేలాకే తుడవడం.

పిల్లలకు మొదట ఇది శిక్షలా అనిపించింది. ఎవరి తప్పు వాళ్ళ ఎదుట రోజంతా వేలాడుతుంటే ఎవరికి బాగుంటుంది? గడిలోకి వెళ్ళిన మొదటి కుర్రాడు మధ్యాహ్నం అన్నం కూడా సరిగా తినలేదు. నేనూ బల్ల మీద ఖాళీగా పడి ఉండి, ఈవిడకు బద్ధకమేమో అనుకున్నాను. కానీ కొన్ని వారాలకు గదిలో గాలి మారింది. ఒకరి తప్పు చుట్టూ పదిమంది చేరి, "అట్టా ఎందుకనుకున్నాడంటే..." అని మొదలుపెట్టేవాళ్ళు. తప్పు చెప్పినవాడు ఒక్కడే ఉన్నప్పుడు అది సిగ్గు. పదిమంది మధ్యన పడితే అది పని అవుతుంది.

ఖాసింబీ మాత్రం తలుపు తియ్యలేదు. టీచర్ అడిగితే "తెలీదు టీచర్" అనేది. టీచర్ సరేనని పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళేవారు కాదు. జవాబు కోసం అక్కడే నిలబడి ఎదురుచూసేవారు. ఆ ఎదురుచూపు ఆ పిల్లకు ఎంత బరువుగా ఉండేదో ఆమె వేళ్ళు ఓణీ కొసను మెలిపెట్టడం చూస్తే తెలిసేది.

ఆగస్టు ఆఖరున, ఉక్కలో ఒకరోజు టీచర్ సోడా షాపు నుంచి ఐసు తెచ్చి స్టీలు గ్లాసు నీళ్ళలో వేశారు. కాసేపటికి గ్లాసు బయట నీటి బొట్లు పట్టాయి. ఇవి ఎక్కడి నుంచి వచ్చాయని అడిగారు. ముందు బెంచీలవాళ్ళు గ్లాసును తాకి చూసి వేళ్ళు తుడుచుకున్నారు. చివరికి వెనక బెంచీ నుంచి ఖాసింబీ, తన గొంతు తనకే కొత్తయినట్టు, "లోపలి నీళ్ళే టీచర్. గ్లాసులోంచి బయటికి ఊరినై" అంది.

ఎవరో కిసుక్కుమన్నారు, పక్కవాడు మోచేత్తో పొడిచి ఆపాడు. టీచర్ ఆ మాటను ఆమె చెప్పింది చెప్పినట్టు గడిలో రాసి, కింద ఆమె పేరు రాశారు. అంతలో గంట కొట్టారు.

మర్నాడు తనిఖీకి జిల్లా నుంచి ఒక అధికారి వచ్చారు. హెడ్మాస్టరు కోటిరెడ్డి గారు ఆయన్ని వెంటబెట్టుకుని గదులన్నీ తిప్పుతున్నారు. బోర్డు బడికి మొహంలాంటిదని కోటిరెడ్డి గారి నమ్మకం. ఏడో తరగతిలో అడుగుపెట్టగానే అధికారి చూపు ఆ గడి మీద పడింది. లోపలి నీళ్ళే. గ్లాసులోంచి బయటికి ఊరినై. ఆయన రెండుసార్లు చదివి, ఇది రాసింది ఎవరని అడిగారు. తానే రాశానని సువార్త టీచర్ చెప్పారు. హెడ్మాస్టరు మొహం పాలిపోయింది. టీచర్ ఏదో చెప్పబోతుంటే ఆగమన్నట్టు చెయ్యి ఊపి, గబగబా వచ్చి నన్ను అందుకున్నారు. ఇన్నాళ్ళకు నాకు నా పాత పని దొరికింది. నా కంబళి బోర్డుకు జానెడు దూరంలో ఉంది.

"తుడవొద్దు సార్."

వెనక బెంచీలో ఖాసింబీ లేచి నిలబడి ఉంది. ఆ మాట అన్నది తనేనా అని ఆమెకే అనుమానంగా ఉన్నట్టుంది. హెడ్మాస్టరు చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"అది తప్పమ్మా," అన్నారు ఆయన, పెద్దవాళ్ళ ముందు పిల్లలతో మాట్లాడే మెత్తటి గొంతుతో.

"తప్పో కాదో ఇంకా తేల్లేదు సార్. అది నాది."

అధికారి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అలా ఎందుకనుకుందో చెప్పమన్నారు. ఖాసింబీ టీచర్ మొహం వైపు చూడలేదు. అది నేను గమనించాను. ఎవరి కనుబొమ్మలూ వెతకలేదు.

"మా ఇంట్లో కుండకి చెమట పట్టిద్ది సార్. లోపలి నీళ్ళే బయటికొచ్చేది. గ్లాసు కూడా అట్టాగే అనుకున్నా. రాత్రి మా అమ్మనడిగితే, స్టీలు బిందెకి ఎప్పుడన్నా చిల్లు లేకుండా కారిందా అంది. అందుకని ఇయ్యాల మిఠాయి రంగు తెచ్చా. గ్లాసులో కలిపి ఐసేస్తే, బయట ఎర్రగా వస్తే నాదే కరెక్టు."

"రాకపోతే?" అన్నారు అధికారి.

"రాకపోతే నేనే తుడుస్తా సార్."

హెడ్మాస్టరు నన్ను బల్ల మీద పెట్టేశారు, వేడిగిన్నె దించినట్టు. టీచర్ ఆ రోజు కూడా ఐసు తెచ్చిన ఫ్లాస్కు మూత తీశారు. ఖాసింబీ పొట్లం విప్పి రంగు కలిపింది, ఐసు వేసింది. తనిఖీ సంగతి మరిచిపోయి పెద్దవాళ్ళిద్దరూ పిల్లల భుజాల మీదుగా తొంగిచూశారు. బొట్లు పట్టాయి. ఖాసింబీ తెల్లకాగితం ముక్కను ఒక బొట్టుకు అద్దింది. ఎర్రమరక పడలేదు. తడి మాత్రమే.

ఆమె ఓడిపోయిందని అందరికీ తెలిసింది. ఎవరూ నవ్వలేదు. నేను ఆమె కళ్ళల్లో ఆ పాత తలుపు కోసం చూశాను. ఆమె తడి కాగితాన్నే చూస్తూ, "మరి ఎక్కడియ్యి ఇయ్యి?" అని తనలో తను అనుకున్నట్టు అంది. జవాబు టీచర్ పెదవుల దాకా వచ్చి ఆగింది.

అప్పుడు ఆమె వచ్చి నన్ను అందుకుంది. చిన్న చెయ్యి, వేళ్ళ సందుల్లో ఎర్రరంగు. తుడవడం అంటే లేకుండా చెయ్యడం అని నేను అనుకునేదాన్ని. ఖాసింబీ అలా తుడవలేదు. ఒక్కో అక్షరం చదువుకుంటూ, తనకు ఇంతదూరం తోడు వచ్చిన మనిషిని సాగనంపుతున్నట్టు తుడిచింది. తన పేరు మాత్రం ఉంచింది. దాని పైన, ఖాళీ అయిన చోట, సుద్దముక్కతో కొత్త ప్రశ్న రాయడం మొదలుపెట్టింది.