సంతకు తోలని గొర్రెలు

బడి లోపల తప్పెట్లు మోగుతున్నాయి. గేటు బయట గొర్రెలకాపర్ల పిల్ల సౌమ్య నిలబడి ఉంది. రెండువేల నాలుగు జూన్ అది. పదో తరగతి ఫలితాల్లో బైరెడ్డిపల్లె పక్కనున్న మా ఊరి హైస్కూలు మండలానికే ఫస్టొచ్చింది. వందకు వంద పాస్!

నేను విద్యార్థి సంఘంలో తిరిగేవాణ్ణి. "లోపలికి రామ్మా" అన్నాను.

"యాల రావల్లన్నా? ఆ వందలో నేను లేను గదా."

పరీక్షకు ముందే మా బడి పెద్దయ్యవారు చెంగల్రాయుడు ఆ పిల్ల పేరు పరీక్ష జాబితాలోంచి కొట్టేశాడట. గొర్రెల మందల వెంట పోయి కొన్నాళ్లు బడికి రాని పిల్లల పేర్లన్నీ కొట్టేశాడట. ఏ ఇంటికి ఆ ఇల్లు, తమ బిడ్డ పేరొక్కటే పోయిందనుకుని, సిగ్గుతో నోరు మూసుకుంది.

పరాయివాడు చేసుంటే ఇంత నొప్పి ఉండేది కాదు. ఈ బడి కావాలని మాతో పాటు మండలాఫీసు ముందు కూర్చుని లాఠీదెబ్బలు తిన్న మనిషండీ ఆయన! మాకు ఎదురు తిరగడం నేర్పిందే ఆయన.

సన్మానానికొచ్చిన విద్యాశాఖ ఆఫీసరు అయ్యవారికి శాలువా కప్పి మైకందుకున్నాడు. "గుట్టకిందపల్లె బడిలో సగం మంది తప్పారు. ఆ బడి మూసేస్తున్నాం. మిమ్మల్ని చూసి నేర్చుకోమనండి" అన్నాడు. మావాళ్లు చప్పట్లు కొట్టారు. ఛీ, నాకు తల కొట్టేసినట్టయింది.

సౌమ్య తల్లి కెంపమ్మ కూతుర్ని చెయ్యి పట్టి లోపలికి లాక్కొచ్చింది.

"అయ్యోరా, నా బిడ్డ ఆ వందలో యాడుండాదో సార్‌కు సూపీ."

"కూర్చో కెంపమ్మా. తర్వాత మాట్లాడదాం."

"తర్వాతంటే యెప్పుడు? గొర్లు కాసి కాసి ముసల్దయినాకనా?"

వెనక నుంచి ఇంకో తల్లి లేచింది. "మావోడి పేరూ కొట్టేసినాడు!" ఆ పక్కనే ఇంకొకాయన లేచాడు. చూస్తుండగానే గొర్రెలకాపర్లంతా నిలబడ్డారు.

అయ్యవారి మొహం పాలిపోయింది. "పర్సంటేజీ తగ్గితే మన బడీ మూసేస్తారు. మీ కోసమే చేసినానప్పా."

వాళ్లలోంచి ముసలి కదిరప్ప ముందుకొచ్చాడు. "మేమూ సేస్తామప్పా ఆ పని. సంత రోజు కుంటివాట్ని ఇంటికాడ కట్టేసి, నిగనిగలాడేవాట్నే తోలుకపోతాం. మంద బాగుండాదని బేరగాడు మురిసిపోతాడు. అది అమ్మకం. పొద్దుగూకినాక దొడ్లో తోలేటప్పుడు కుంటిదాన్నీ లెక్కపెడతాం. మా బిడ్డల్ని నువ్వు యెవురికి అమ్మితివప్పా?"

"నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయి" అంది కెంపమ్మ.

అయ్యవారు తల దించుకున్నాడు. శాలువా మాత్రం తీయలేదు.

జనం అట్నుంచి అటే గుట్టకిందపల్లెకు నడిచారు. ఆ బడి అయ్యవారు ఒక్క పిల్లనీ ఆపకుండా అందరిచేతా పరీక్ష రాయించాడు. అందుకే ఆఖరున నిలిచింది.

"మీ చప్పట్లు ఈడిదాకా వినబడినాయిలే" అన్నాడొక రైతు, కూర్చోమని కూడా అనకుండా.

"తప్పయిపోయింది నాయనా. మనకు మనకు పందెం పెట్టి కోళ్ల మాదిరి కొట్లాడించినారు" అంది కెంపమ్మ. ఆ రైతు ఇంట్లోకి పోయి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు.

మర్నాడు రెండు ఊళ్లూ మందలతో సహా మండలాఫీసు రోడ్డు మీద కూర్చున్నాయి. కొట్టేసిన పేర్లు ఎక్కించాలి, గుట్టకిందపల్లె బడి మూయకూడదు. బస్సులు ఆగిపోయాయి, మమ్మల్ని పట్టుకుపోవడానికి పోలీసు వ్యాను వచ్చింది.

"ఎంతమందిరా మీరు?" ఎస్సై కసిరాడు.

సౌమ్య అందరికంటే ముందు వ్యానెక్కి వెనక్కి తిరిగింది.

"బాగా లెక్కపెట్టుకో సారూ. ఈతూరి కుంటివాట్నీ తోలుకొచ్చినాం."